సొరుగు ముందు గుమాస్తా

లేస్తున్నానమ్మా, లేస్తున్నా! ఈ కుర్చీని నేనేం మా ఇంటికి మోసుకుపోను. నా సంచీ ఎక్కడ పెట్టానో... ఆ, ఒళ్ళోనే ఉంది. చూశారా, మీ గదిలోకొస్తే మనిషికి ఉన్న మతి కూడా పోతుంది.

కానీ డాక్టరమ్మా, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా? బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా చదివానా లేదా? కుడి కంటితో చదవమన్నారు, చదివాను. ఎడమ కంటితో చదవమన్నారు, చదివాను. అడుగు వరసలో చీమ తలకాయలంత అక్షరాలున్నాయి, వాటినీ వదల్లేదు. "ఈ వయసులో ఎడమ కన్ను ఇంత బాగుందా!" అని మీరే నోరెళ్ళబెట్టారు. బాగుందని కాగితం మీద రాసేశారు. చుక్కలు వేసి లోపలికి చూసే పనే లేదన్నారు.

మరి బయట బెంచీ మీద కూచుందే నా కోడలు, ఆవిడగారు నమ్మదు! అత్తగారి ఎడమ కంట్లో ఏదో ఉందని, అది ముదిరితే ఆ కంటికి చూపు దక్కదని, నన్ను గొర్రెని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చింది. ఆ కాగితం ఇలా ఇవ్వండి. ఫ్రేము కట్టించి దాని మంచం ఎదురుగా వేలాడదీస్తాను.

ఏమిటీ? బయట ఇంకా జనం ఉన్నారా? ఉంటారు లెండి, లోకంలో కళ్ళకేం కరువు. చెప్పులు వేసుకోనివ్వండి. ఒకటి బల్ల కిందకి దూరింది, కాలికి తగలట్లేదు.

ఇదంతా దాని ఉద్యోగం తెచ్చిన చేటు డాక్టరమ్మా.

మా కోడలు ఫోన్లో ఉండే యాప్‌లు రాస్తుంది. రాస్తుందని అంటారే గానీ అది రాయగా నేను చూళ్ళేదు. రాసింది ఎందుకు పనిచెయ్యట్లేదా అని వెతుక్కోవడమే చూశాను. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల. బల్ల మీద కంప్యూటరు. దాని చుట్టూ పసుపురంగు కాగితం ముక్కలు, వెనక జిగురుండేవి. కంప్యూటరుకి అమ్మవారు పోసిందా అన్నట్టు ఉంటుంది.

అది రాసేది ఆబ్జెక్టివ్-సి అని ఓ పాతకాలపు భాష. ఈ కాలం పిల్లలు దాని గుమ్మం తొక్కరట. ఎటు చూసినా చదరపు బ్రాకెట్లే, పెరడంతా దడి కట్టినట్టు. పాతవాటిని బాగుచేసే పని మాత్రం మా కోడలి నెత్తిన పడింది. పాతదాన్ని భరించడం దానికి బాగా అలవాటు, ఇంట్లో నేను లేనూ!

వాళ్ళ ఆఫీసులో ఒక్కొక్కరి బల్ల మీదా ఒక రబ్బరు బాతు ఉంటుందట. పని ఎక్కడైనా చిక్కుపడితే ఆ బాతుకి మొదట్నించీ విడమరిచి చెప్పుకుంటారట. చెప్పేలోగా తప్పు ఎక్కడుందో వాళ్ళకే తడుతుందట. బాతు మాట్లాడదుగా, అదీ దాని గొప్ప. ఇంట్లో బాతు లేదు. నన్ను కూచోబెట్టింది. ఇలాంటి బాతు ప్రపంచంలో ఇంకెవరికైనా ఉందా? అది ఒక్క మాట చెబితే నేను వంద చెప్తాను.

ఇవాళ మీరు బాతు. కూచోండి, కూచోండి. చెప్పు దొరికింది గానీ అది ఎడమదో కుడిదో.

చెప్పేదేమిటంటే, ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సమ్మలుంటారు కదా, వాళ్ళ కోసం ఒక యాప్. గుమ్మం ముందు నిలబడి రోగి పేరు నొక్కితే హెచ్చరికలు రావాలి. ఈయనకి ఫలానా సూది పడదు, ఈవిడకి ఫలానా మాత్ర ఇవ్వకూడదు అని. అవి ఒక్కోసారి రావడం మానేశాయి. "హెచ్చరికలు ఏమీ లేవు" అని చల్లగా చూపిస్తోంది. ఒక నర్సమ్మ అది నమ్మి సూది పైకెత్తింది. రోగి పెళ్ళాం కేకేసింది కాబట్టి సరిపోయింది. ఆ కేక మా వీధిదాకా వినపడిందంటే నమ్మండి. సరే, మా వీధిదాకా కాదు. వాళ్ళ వీధిదాకా.

ఇక మా ఇంట్లో రోకళ్ళ దంపుడు మొదలు. వాళ్ళ ఆఫీసు పెద్దాయన ఫోన్ మీద ఫోన్. ఈవిడ బువ్వ తినదు, నీళ్ళు తాగదు. జుట్టు ముడేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ ముడేస్తుంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంది. కిటికీ నుంచి వంటింటికి, వంటింటి నుంచి కిటికీకి తిరిగి తిరిగి గచ్చు మీద కాలిబాట పడిపోయింది.

అటు నుంచి ఇటు పోతూ నా దగ్గర ఆగి, "అత్తయ్యా, కన్ను ఎలా ఉంది?" అనేది.

"భేషుగ్గా ఉంది! ఎదురు మేడ మీద చీమ పాకుతుంటే దానికి పెళ్ళయిందో లేదో కూడా చెప్తాను" అనేదాన్ని.

నవ్వేది. పోయేది. అంతే.

అసలు కన్ను ఊసు ఎందుకొచ్చిందంటారా? వడ్రంగి వల్ల. మా వీధిగుమ్మం పాములా మెలిక తిరిగిందని నేనే వడ్రంగిని పిలిపించాను. వాడొచ్చి దారానికి గుండు కట్టి వేలాడదీసి, "గుమ్మం నిక్షేపంలా ఉంది పెద్దమ్మగారూ, నిటారుగా" అన్నాడు. వంకర గుమ్మాన్ని పట్టుకుని నిటారు అంటాడా! వాడికే కళ్ళు లేవని తిట్టి పంపించాను. కోడలు అప్పుడేమీ అనలేదు. ఆ రోజు నుంచీ అడగడం మొదలెట్టింది.

ఆ గోడ గడియారంలో టైమెంతయింది? మీరే చూసి చెప్పండి, మెడ తిప్పడానికి బద్ధకం. అయ్యో, బడి వదిలే వేళవుతోందే. మా మనవరాల్ని బడి నుంచి తెచ్చేది నేనే. బుడంకాయంత ఉంటుంది, అందుకే బుడంకాయ అంటాను. రోడ్డు దాటించి చెయ్యి పట్టుకుని ఇంటికి తెస్తాను. ఈ ముసలిదానికి ఇంకా ఇంట్లో ఏదైనా ఉద్యోగం ఉందీ అంటే అదొక్కటే. ఎవరైనా ఆ ఉద్యోగం మీద చెయ్యి వేశారో, ఊరుకోను.

ఎందుకలా చూస్తున్నారు? గడియారం నాకు కనపడకనా? బద్ధకమని చెప్పానుగా.

చెప్పనివ్వండి. డీబగ్గర్ అని ఒకటుంది. నడుస్తున్న ప్రోగ్రాముకి ఎక్కడ కావాలంటే అక్కడ చెయ్యి అడ్డంపెట్టి "ఆగు" అనొచ్చు. ఆగాక, లోపల ఉన్నవాటిని పేరు పెట్టి పిలిచి "నీ దగ్గర ఏముంది?" అని అడగొచ్చు. వాటిని ఆబ్జెక్టులంటారు. నాకు అర్థమైనంతలో ఆబ్జెక్టంటే బీరువా. దాని సొరుగుల్ని ప్రాపర్టీలంటారు. ప్రాపర్టీ అనగానే స్థలాలూ పొలాలూ అనుకుని చెవులు నిక్కించాను. సొరుగులేనట, ఉసూరుమంది ప్రాణం.

రోగి బీరువాలో హెచ్చరికల సొరుగొకటి. మా కోడలు ప్రోగ్రాముని ఆపుతుంది, "హెచ్చరికల్లో ఏముంది?" అని అడుగుతుంది. ఇదిగో, ఫలానా సూది పడదు, ఫలానా మాత్ర వద్దు అని చాంతాడంత జవాబు. సరే పో అని వదిలితే తెర మీద అన్నీ చక్కగా వస్తాయి! ఆపకుండా వదిలితే? బోడిగుండు. హెచ్చరికలు ఏమీ లేవు.

చూస్తే ఉంటాయి. చూడకపోతే ఉండవు. ఇదేం దయ్యం డాక్టరమ్మా?

ఆఫీసు పెద్దాయనేమో, "నీ దగ్గర బాగానే వస్తోంది కదమ్మా, ఆ నర్సులకే నొక్కడం రాదేమో" అన్నాడు. అంత పెద్ద జీతమిచ్చి అంత చిన్న బుర్రని ఎక్కడ కొన్నారో. మా కోడలు ఫోన్ పెట్టేసి, "నర్సులకి నొక్కడం రాకపోవడమేమిటి! నేను చూసినప్పుడల్లా ఇది నాకు వేషం వేసి చూపిస్తోందత్తయ్యా" అంది. ఆ మాటకి నా చేతిలో సూది గుచ్చుకుంది. బుడంకాయ మేజోళ్ళు కుడుతున్నా లెండి, తడుముకుంటూ. తడుముకుంటూ అంటే... అలవాటైన పని, చూడక్కర్లేదు.

నిన్న మధ్యాహ్నం కుర్చీ నా వైపు లాక్కుని మొదట్నించీ చెప్పడం మొదలెట్టింది. "అత్తయ్యా, ఇది ఆగుతుంది. నేను హెచ్చరికలు అడుగుతాను. అడగ్గానే అది తెచ్చి ఇస్తుంది. నేను అడగ్గానే... అడిగితేనే..." అని అక్కడ ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉంది, పెద్ద విమానం ఒకటి దూరిపోవచ్చు.

ఏమయిందంటే, ఆ సొరుగు ముందు ఒక గుమాస్తా కూచుని ఉంటాడు. వట్టి సోమరి. మొదట్లో సొరుగు ఖాళీగానే ఉంచుతాడు. ఎవరైనా వచ్చి "ఏముంది?" అని అడిగితే అప్పుడు లేచి, కొట్లోకి పరుగెత్తి, సరుకు తెచ్చి సొరుగు నింపి, ఎప్పట్నుంచో ఉన్నట్టు "ఇదిగో" అంటాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా, వీడూ అంతే. సొరుగు ముందే నింపి పెట్టుకోకుండా, కావలసినప్పుడే తేవడం వాళ్ళలో మంచి పద్ధతేనట.

చిక్కేమిటంటే, ఎవరో పుణ్యాత్ముడు ఒక్కచోట గుమాస్తాని అడక్కుండా సొరుగులో తిన్నగా చెయ్యి పెట్టాడు. గుమాస్తా ఇంకా లేవలేదు, సొరుగు ఖాళీ. ఇంకో భాషలో అయితే గోలగోల అయిపోయేదట. ఈ భాషలో ఖాళీని నిల్ అంటారు. నిల్‌కి ఏ పని చెప్పినా కాదనదు, అవుననదు, అలిగి కూచోదు. ఎన్ని ఉన్నాయంటే సున్నా అని ఊరుకుంటుంది. మా ఆయనతో జీవితమంతా కాపురం చేసినదాన్ని, నిల్ అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?

మా కోడలు ఎన్నిసార్లు చూడబోయినా గుమాస్తానే అడిగింది. వాడు లేచి సొరుగు నింపాడు. ఆ తర్వాత ఎవరు చెయ్యి పెట్టినా సరుకు ఉంది. చూడ్డానికి వెళ్ళిన మనిషే రోగాన్ని నయం చేసి వచ్చి, రోగం ఏదీ ఏదీ అని వెతుక్కుంటోంది! నర్సమ్మల దగ్గర అడిగేవాళ్ళు లేరు. అందుకని అక్కడ ఖాళీ.

అప్పుడేం చేసిందో తెలుసా? మళ్ళీ ఆపింది. ఈసారి ఒక్క మాట అడగలేదు. పక్కన బుల్లి బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి బీరువా తలుపు తెరిచి, సొరుగుని సొరుగులా చూసింది. గుమాస్తా పేరుతో కాదు, సొరుగుకి వేరే పేరుంటుంది, ముందు ఒక అడ్డగీతతో. అక్కడ ఉంది, నిల్ అని, నంగనాచిలా.

ఒక్క ముక్క మార్చింది, జబ్బు పోయింది. నర్సమ్మలకి పంపించేసింది. ఇక ఎగిరి గంతేస్తుందని నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. గంతెయ్యలేదు. కుర్చీ తిప్పి నా వైపు చూస్తూ కూచుంది. అలా చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. "కాఫీ పెడతానుండు" అని లేచి వంటింట్లోకి పారిపోయాను.

వెనకాలే వచ్చింది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "కన్ను ఎలా ఉంది అత్తయ్యా" అని అడుగుతుందేమో, చీమ పెళ్ళి సంగతి సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు.

నేను కాఫీ వంచుతున్నాను, కబుర్లు చెప్తున్నాను, కాఫీ కప్పులో కాకుండా బల్ల మీద పడుతోంది. ఎప్పుడూ పడుతూనే ఉంటుంది లెండి. గుడ్డ చేతిలోనే పెట్టుకుంటాను, ఎవరూ రాకముందే తుడిచేస్తాను. నిన్న తుడవడానికి వ్యవధి దొరకలేదు.

అది దగ్గరకొచ్చింది. నా కళ్ళజోడు తీసింది. "మసకబారింది, తుడిచిస్తాను" అంది. కొంగుతో తుడిచింది, మళ్ళీ నా ముక్కు మీద పెట్టింది. కుడి అద్దం మీద దాని పసుపు కాగితం ముక్క అంటించి పెట్టింది. దొంగముండ! ఎంత తెలివో చూడండి. నా ఎదురుగా జానెడు దూరంలో నిలబడింది. ఒక్క మాట మాట్లాడదు.

నేను చూశాను.

దాని చెవులున్నాయి డాక్టరమ్మా. జుట్టుంది. భుజాలున్నాయి. మధ్యలో మొహం లేదు. తడిచేత్తో ఎవరో అలికేసినట్టు బూడిదరంగు మచ్చ.

అడిగి ఉంటే చెప్పేదాన్ని. నా గుమాస్తా ఎంత చురుకైనవాడో మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఆవిరి కొట్టిందనేవాణ్ణి, కునుకు పట్టిందనేవాణ్ణి, కాగితం అడ్డంపెడితే ఎవరికి కనపడుతుందే పిచ్చిమొద్దూ అని నవ్వేవాణ్ణి. చూశారా, వాడి మాట నా నోట్లోంచి వచ్చేస్తోంది. అదేమో అడగలేదు, నేనేమో చెప్పలేదు. బల్ల మీంచి కాఫీ ఒక్కొక్క చుక్కా నేల మీద పడుతోంది.

కాగితం తీసేసింది. "రేపు చెప్పులేసుకోండి అత్తయ్యా" అంది. అంతే.

ఇవాళ తనూ మీ గదిలోకొస్తానంది. నేనే వద్దన్నాను. నేనేం పసిపిల్లనా? అయినా నా ఎత్తు నాకుంది కదా. బడి గుమ్మం దగ్గర కలిసే ఇంకో నానమ్మ చెప్పింది, ఇలాంటి కంటికి కంట్లోనే సూది పొడుస్తారని. గోనెసంచులు కుట్టే దబ్బనమంత ఉంటుందట. నా అంతటిదాన్ని నేను, నాకే వణుకు పుట్టింది. సూది కన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. కన్ను పోయిందని కాగితం మీద పడితే బుడంకాయని తెచ్చే పని నాకిక ఇస్తారా?

ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా.

చెప్పేస్తున్నాను, కోడలితో అనకండి. పోనీ అనండి. మొన్న రోడ్డు దాటుతుంటే సైకిలొకటి నా మీదకొచ్చింది. ఏనుగంత సైకిలు. నేను చూళ్ళేదు. బుడంకాయే నన్ను కొంగు పట్టి వెనక్కి లాగింది. "నానమ్మా, ఎరుపుంది, ఆగు" అంటుంది రోజూ. "ఇప్పుడు పచ్చ, రా" అంటుంది. పిల్ల ఎంత ముద్దుగా నేర్చుకుందో అని ఊరంతా చెప్పుకుతిరిగాను. నేను పిల్లని దాటించడం లేదు డాక్టరమ్మా. పిల్లే నన్ను దాటిస్తోంది.

ఏమిటి, ఆ బోర్డు ఎలా చదివానంటారా? అదీ అడుగుతారేం! నా ముందు ఒకాయన వచ్చాడు చూడండి, లారీ హారనులాంటి గొంతు. మీ తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆయన ఒక్కో వరస అరుస్తుంటే నేను బెంచీ మీద కూచుని ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను. కోడలు పక్కనే ఉంది, నేనేదో స్తోత్రం చదువుకుంటున్నాననుకుంది. కుడి కంటితో నిజంగానే చదివాను, రెండూ తెరిస్తేనే ఎడమది కుడిదాని చూపునీ పాడుచేస్తుంది. ఎడమ కంటితో చదివిందంతా ఆయన చదువే. అడుగు వరస చదవడానికి కాస్త తడబడినట్టు కూడా నటించాను, అది గమనించారా? దానికైనా నన్ను మెచ్చుకోవాలి.

నవ్వకండి. ఆ కాగితం ఇలా పట్రండి. బాగుందని రాశారే, ఆ ముక్క కొట్టెయ్యండి.

ఇక నన్ను ఏమీ అడక్కండి. అడిగారంటే మళ్ళీ ఏదో ఒకటి తెచ్చి మీ చేతిలో పెడతాను, నా నోటికి అదే పని. చుక్కలు వెయ్యండి. ఆ దీపమేదో పెట్టి తిన్నగా లోపలికి చూడండి. ఏముంటే అది ఉంటుంది.

బయట ఉన్నదాన్ని పిలుస్తారా? వద్దు, అది బుడంకాయ కోసం బడికి పోవాలి. ఇవాళ నుంచి అది పోవాలి కదా. వెళ్ళమనండి, వేళయింది. నేను ఇక్కడే ఉంటాను, ఈ చెప్పులు లేకుండా ఎక్కడికి పోతాను?

ఇదిగో, తల వెనక్కి వాల్చాను. వెయ్యండి.

సూది సంగతి మాత్రం, మీకు పుణ్యముంటుంది, అది దబ్బనమంత ఉన్నా సరే చిన్నదేనని చెప్పండి. ఆ ఒక్కటీ అబద్ధమాడండి. నేను నమ్ముతాను.